పది అడుగుల మర్యాద

తొమ్మిది వందలు దాటాక అంబ్రోస్ రూపెన్ మంచులో తను కొట్టే మెట్లు లెక్కపెట్టడం మానేశాడు. వెలుతురు పడ్డప్పటి నుంచి గొడ్డలి ఎత్తుతూనే ఉన్నాడు. అడ్డంగా రెండు దెబ్బలు, నిలువుగా రెండు, తర్వాత గొడ్డలి అంచుతో పెళ్ళల్ని గీకి కిందికి తొయ్యడం. మెట్టు కొండవైపుకి కాస్త వాలి ఉండాలి, లేకపోతే బూటు మేకులకి పట్టు దొరకదు. ఎదురుగా ఉన్నది పాత నీలిమంచు, దెబ్బకి లొంగే రకం కాదు. ఎగిరిన పెళ్ళలు బుగ్గలకి తగిలి, గడ్డంలో ఇరుక్కుని, కరిగి మెడ మీదుగా చొక్కాలోకి దిగుతున్నాయి. నలభై ఒక్క ఏళ్ళ మనిషికి కుడి భుజం ఎప్పుడో మొద్దుబారింది. మొద్దుబారడమే నయం, నొప్పి తెలియదు.

అతని నడుముకి కట్టిన తాడు వెనకాల విట్‌కాంబ్ దొర దాకా, ఆయన్నుంచి కాస్పర్ దాకా పోయింది. దొర ఇంగ్లాండు మనిషి. ఎవరూ ఎక్కని ఈ స్టిల్‌హార్న్ కొండ మీద తన పేరు పడాలని మూడు వేసవులుగా వచ్చిపోతున్నాడు. రెండుసార్లు సగంలోనే దిగిపోయారు. కాస్పర్ అంబ్రోస్ భార్యకి తమ్ముడు, ముప్పై దాటినవాడు. మూటలు మొయ్యడంలో గట్టివాడు, మెట్లు కొట్టడంలో కాదు. అయినా ఎప్పటికైనా తాడుకి ముందు తనే ఉండాలని వాడి కోరిక. ఆ కోరికని వాడెప్పుడూ దాచుకోలేదు.

"బావా, ఈయన మళ్ళీ కక్కుతున్నాడు," అన్నాడు కాస్పర్ కింద నుంచి. "పొద్దున్నుంచీ ఇది మూడోసారి. ఈసారి నా బూటు మీద పడింది."

"తాడు బిగించి పట్టుకో. బూటు తర్వాత కడుక్కుందువుగాని."

దొర సీసా తీసి రెండు గుటకల బ్రాందీ తాగాడు. నోరు తుడుచుకుని, కానిమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. అంబ్రోస్ మళ్ళీ గొడ్డలి ఎత్తాడు.

ఇంకో గంటకి వెన్నుగట్టు మీదికి చేరారు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. దక్షిణాన ఇటలీ కొండలు ఒక్కోటీ లెక్కపెట్టేలా కనిపిస్తున్నాయి. గట్టు చివర ఒక తెల్లటి గుట్ట, దాని కుడి అంచున గాలి పేర్చిన మంచు ఇంటి చూరులా అవతలి లోయ మీదికి వేలాడుతోంది. ఆ గుట్టే శిఖరం. పది అడుగులు. మహా అయితే పదకొండు.

అంబ్రోస్ అక్కడ ఆగాడు.

అలా ఆగడం ఆ లోయ గైడులకి మంచినీళ్ళు తాగినంత అలవాటు. ఎవరూ ఎక్కని కొండైతే చివరి పది అడుగులూ దొరవి. గైడు పక్కకి తప్పుకుని, టోపీ తీసి, దారి చూపించాలి. దొర ముందుకి పోయి తొలి అడుగు వెయ్యాలి. ఆ తర్వాతే గైడు కాలు. అంబ్రోస్ తండ్రి చర్చిలో ఎక్కడ మోకరిల్లాలో నేర్పినట్టే ఇదీ నేర్పాడు. మెట్లు కొట్టడం మన పని, పైన నించోవడం వాళ్ళ పని అని చెప్పాడు. పొద్దున్నుంచీ భుజాలు విరిగేలా కొండని చెక్కినవాడు ఆఖర్న పక్కకి జరిగి టోపీ తియ్యడం ఏమిట్రా అని ఆ లోయలో ఎవడూ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు కూడా.

అంబ్రోస్ టోపీ తీశాడు. "దొరా, ఇంక మీ వంతు. కుడిపక్క చూరు మీదికి పోవద్దు, ఎడమ అంచునే నడవండి. నేను తాడు పట్టుకుంటాను."

దొర చూరుని చూశాడు. దాని కింద ఉన్న వట్టి గాలిని చూశాడు. అక్కడే కూలబడ్డాడు. ఇంకోసారి కక్కాడు. పచ్చటి నీళ్ళు, బ్రాందీ కంపు. లోకం పుట్టాక మనిషి ఊపిరైనా సోకని మంచు మీద ఆ మరక పాకడం చూసి అంబ్రోస్ మొహం తిప్పుకున్నాడు.

"ఇదే," అన్నాడు దొర కాసేపటికి.

"ఏది దొరా?"

"శిఖరం. ఇక్కడే."

"శిఖరం అదండీ. ఇంకా పది అడుగులుంది."

"అది గాలికి పోగైన మంచు. రేపు ఎండకి ఉంటుందో ఊడుతుందో. కొండ అన్నది ఇక్కడితో అయిపోయింది." దొర గొంతు వణికింది, మాట మాత్రం వణకలేదు. "అయిపోయిందని నేను చెప్తున్నాను. నువ్వు నాకు చెప్పడం కాదు."

దొర సంచిలోంచి ఇంకో సీసా తీశాడు. అందులో తన పేరూ తారీఖూ రాసిన కాగితం ముందే పెట్టుకొచ్చాడు. కాస్పర్ దాన్ని అందుకుని, గట్టు మీద పైకి తేలిన రాళ్ళు నాలుగు పేర్చి వాటి నడుమ నిలబెట్టాడు. దొర ఇద్దరికీ చెయ్యి కలిపాడు. తడి చేతితొడుగు, జిడ్డుగా ఉంది. అంబ్రోస్ చెయ్యి పంట్లాముకి తుడుచుకున్నాడు.

తనొక్కడే వెళ్ళిరావచ్చు. ముడి విప్పుకుని పదంగల్లో వెళ్ళి, నించుని, వచ్చెయ్యవచ్చు. ఆపేవాళ్ళెవరు, కూలబడ్డ దొరా, కాస్పరా? ఎవరూ ఆపనక్కర్లేకపోయింది. పధ్నాలుగేళ్ళ అలవాటు కాళ్ళు పట్టుకుంది. దొర కాలు పడని చోట తన కాలు పెట్టకూడదు. పిలవని పెళ్ళికి వెళ్ళినవాడిలా టోపీ చేత్తో పట్టుకుని కాసేపు నించున్నాడు. తర్వాత టోపీ పెట్టుకుని, దిగడానికి తాడు సరిచేశాడు.

*

ఆ మంగళవారం సాయంత్రం వాళ్ళు ఊరు చేరేసరికి గెర్వాస్ తన సత్రం ముందు చిన్న ఫిరంగి పేల్చాడు. కొత్త కొండ లొంగినప్పుడల్లా పేలుస్తాడు. ఈ లోయకి దొరలు రావడం మొదలయ్యాక సత్రానికి రెండో అంతస్తు లేచింది, చెక్క వసారా వచ్చింది, వసారాలో మూడు కాళ్ళ మీద నిలబెట్టిన ఇత్తడి దుర్భిణి వచ్చింది. కొండల మీద చీమల్లా పాకే మనుషుల్ని చూస్తూ దొరసానులు కాఫీలు తాగుతారు.

బుధవారం మధ్యాహ్నం అంబ్రోస్ ఇంటి వెనక వాలులో రెండో కోత గడ్డి తిరగేస్తుంటే సత్రం వంటామె వచ్చి, పుస్తకం పట్టుకుని రమ్మంటున్నారని చెప్పింది. పుస్తకమంటే గైడు పుస్తకం. కొండ దిగిన ప్రతి దొరా అందులో ఆ గైడు ఎలాంటివాడో నాలుగు ముక్కలు రాసి సంతకం పెడతాడు. కొత్తగా వచ్చే దొర ముందు అది చదివి, ఆ తర్వాతే మనిషి మొహం చూస్తాడు. పుస్తకం లేని గైడు గైడు కాడు, గడ్డి కోసుకునేవాడు. అంబ్రోస్ పుస్తకంలో పధ్నాలుగేళ్ళ రాతలున్నాయి. అందులో ఒక్క చెడ్డమాట లేదు. మైనపు గుడ్డలో చుట్టి, బిడ్డల బాప్తిస్మం బట్టలతో పాటు పెట్టెలో ఉంచుతుంది ఫిలోమెనా.

దొర మంచిమాట రాస్తాడు కాబోలనుకుని అంబ్రోస్ చేతులు కడుక్కుని వెళ్ళాడు.

వసారా చెక్కలు మేకుల బూట్లకి గీసుకుపోతాయని గైడుల్ని పైకి రానివ్వడు గెర్వాస్. అంబ్రోస్ కింది మెట్టు మీద టోపీ తీసి నించున్నాడు. అప్పటికే కాస్పర్ పక్కనున్న స్తంభానికి ఆనుకుని ఉన్నాడు, కళ్ళు కలపలేదు. పైన ఏడెనిమిది మంది దొరలూ దొరసానులూ. వాళ్ళ నడుమ బాసెల్ పట్నం నుంచి వచ్చిన ముసలి డాక్టరు, దుర్భిణి మీద చెయ్యి వేసి, నవ్వుతున్నాడు.

"మంగళవారం పదిన్నరకి ఈ కంటితోనే చూశాను," అంటున్నాడు డాక్టరు. "ముగ్గురు. ముగ్గురూ గుట్ట కిందే ఆగారు. ఒకాయన కూర్చున్నాడు. పైన మాత్రం ఎవరూ నించోలేదు. స్టిల్‌హార్న్ ఇంకా ఎవరిదీ కాదు విట్‌కాంబ్ గారూ. శనివారం నేనే వెళ్తున్నాను, పక్క లోయ గైడులు ఒప్పుకున్నారు."

విట్‌కాంబ్ దొర మొహం గడ్డం దాకా ఎర్రబడింది. ఆ ఎరుపు ఎంతసేపో ఉండలేదు. అంబ్రోస్ వైపు తిరిగేసరికి ఆ మొహంలో ఏదో జాలి లాంటిది వచ్చి కూర్చుంది. అంబ్రోస్ తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ జాలి దగ్గరే అతనికి ఒళ్ళు మండేది.

"నేనేం చెయ్యను డాక్టరుగారూ? వీడు ఆగాడు, నేనూ ఆగాను. ఇదే శిఖరమన్నాడు. చూరు చూసి జడిసి ఉంటాడు పాపం. కొండ మీద గైడు మాట నమ్మకపోతే ఎవరి మాట నమ్ముతాం?"

వసారా అంతా తిరిగి కింది మెట్టు వైపు చూసింది. గెర్వాస్ ముందుకొచ్చాడు. "అంబ్రోసూ, దొరగారితో ఇదే శిఖరమని నువ్వే అన్నావా?"

అంబ్రోస్ నోరు తెరిచాడు. దొర మాటకి పదిమందిలో ఎదురు చెప్పిన గైడు ఆ లోయలో ఇంతవరకూ లేడు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. కూర్చున్నది ఆయనే అనాలా, కక్కాడనాలా? ఆ తడబాటులోనే కాస్పర్ అందుకున్నాడు.

"కాస్త పొగమంచు పట్టిందండీ. బావ పొరబడ్డాడు."

ఇటలీ దాకా కనిపించిన రోజు అది. అంబ్రోస్ బామ్మర్ది వైపు చూశాడు. వాడు స్తంభం మీది పెచ్చు గోకుతున్నాడు.

"అయ్యో పాపం," అంది ఒక దొరసాని. ఎవరో నవ్వారు.

"నాకు కోపమేం లేదు," అన్నాడు విట్‌కాంబ్. "ఎల్లుండి శుక్రవారం మళ్ళీ వెళ్తాం. తన తప్పు తనే దిద్దుకుంటాడు. మెట్లు కొట్టడంలో వీడికి సాటి లేరు. ఏదీ, పుస్తకం ఇలా ఇవ్వు."

గెర్వాస్ మెట్టు దిగి పుస్తకం అందుకుని పైకిచ్చాడు. దొర మోకాలి మీద పెట్టుకుని రాశాడు. అందరికీ అర్థం కావాలని జర్మనులోనే రాసి, రాసింది పైకి చదివాడు కూడా.

"అంబ్రోస్ రూపెన్ బలమైనవాడు, వినయం గలవాడు, మెట్లు చక్కగా కొడతాడు. స్టిల్‌హార్న్ మీద శిఖరం ఏదో పోల్చుకోలేకపోయాడు. చదువు లేనితనం వల్ల జరిగిన పొరపాటు కనక క్షమించాను."

డాక్టరు మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు పైనుంచి అంబ్రోస్‌ని చాలాసేపు చూశాడు. "నీకు చెప్పాల్సిందేమీ లేదా?" అని అడిగాడు.

అంబ్రోస్ టోపీ అంచు తిప్పుతూ ఉండిపోయాడు. ఇప్పుడు చెప్పినా అది సాకులాగే ఉంటుందనిపించింది. పుస్తకం చేతికొచ్చింది, సిరా ఇంకా ఆరలేదు.

గెర్వాస్ అతని భుజం మీద చెయ్యి వేసి వంటింటి వెనక్కి నడిపించాడు. కుడితి తొట్టె పక్కన ఆగారు. పందులకి పెట్టే ఎంగిళ్ళు, ఉడికిన దుంపల తొక్కలు, పైన తేలే కొవ్వు. గెర్వాస్ చేతులు ఎప్పుడూ జిడ్డే. ఆ చెయ్యి ఇంకా భుజం మీదే ఉంది.

"నాకు తెలియదనుకున్నావా? అంతా తెలుసు. నేనూ దుర్భిణిలో చూశాను."

"చూసి కూడా అడిగావా అందరి ముందూ?"

"అడక్కపోతే ఎలా? దొర అబద్ధాలకోరని వసారాలో తేలితే వచ్చే వేసవికి వాళ్ళ కొండలెక్కే క్లబ్బు మనుషులు ఒక్కడు రాడు. గైడు పొరబడ్డాడంటే నవ్వుకుంటారు, మర్చిపోతారు. నీకేం పోయింది చెప్పు?"

"శిఖరం తెలియనివాడు గైడెలా అవుతాడు గెర్వాస్?"

"అబ్బా, మాట పట్టుకుని వేలాడకు. వినయం గలవాడని కూడా రాశాడుగా. అది చూపించు అందరికీ." గెర్వాస్ భుజం తట్టాడు. "లోపలికి రా, సాసేజ్ ఉంది, తినిపో."

అంబ్రోస్‌కి ఆ తొట్టెలోని వాసనే నోట్లోకి వచ్చినట్టయింది. తిననన్నాడు. బయటికొచ్చి ఊరి కాలవలో నోరు పుక్కిలించాడు. రెండుసార్లు పుక్కిలించినా చేదు పోలేదు.

*

ఫిలోమెనా గడ్డి కుప్ప మీద కూర్చుని పుస్తకం చదివింది. చలికాలపు బడిలో ఇద్దరూ ఒకే బల్ల మీద చదువుకున్నవాళ్ళు. అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"చదువు లేనితనమా," అంది. "నువ్వు నోరు తెరవలేదా?"

"తెరిచాను. మాట రాలేదు."

"కాలు తొక్కితే మన మేక కూడా అరుస్తుందయ్యా."

అంబ్రోస్ మళ్ళీ గడ్డి తిరగెయ్యసాగాడు. దొర మీద రోత ఒక వంతైతే, గెర్వాస్ మీద ఒక వంతు, తన మీద తనకి రెండు వంతులుంది. పది అడుగులు. ఇంటి గుమ్మం నుంచి మేకల కొట్టానికి ఇంకా ఎక్కువే ఉంటుంది. పశువుని తాడేసి కట్టాలి, తనకి తాడు కూడా అక్కర్లేకపోయింది. టోపీ చేత్తో పట్టుకుని తనంతట తనే ఆగాడు.

ఎండ వాలుతుండగా కాస్పర్ వచ్చాడు. అడక్కుండానే పంగలకర్ర తీసుకుని గడ్డి మోపు కట్టడం మొదలుపెట్టాడు. మోపు బిగించి, తాడు పళ్ళతో లాగి, అప్పుడన్నాడు.

"కోపమా బావా?"

"పొగమంచు ఎక్కడ పట్టిందిరా?"

కాస్పర్ గడ్డిపరకలు దులుపుకున్నాడు. "గెర్వాస్ చెప్పమన్నాడు. వచ్చే ఏడు తాడుకి ముందు నన్ను పెట్టిస్తానన్నాడు. నీకు భుజం పోయిందని అందరికీ తెలుసు. ఎన్నాళ్ళు కొడతావు?"

"సిగ్గులేనివాడా," అంది ఫిలోమెనా, తమ్ముడి చేతిలోంచి పంగలకర్ర లాక్కుని. "ఆయన మెట్ల మీద కాళ్ళు పెట్టి ఎక్కి, ఆయన మీదే చెప్పొచ్చావా? ఆ మోపు వదిలి పో. నీ చేతి గడ్డి మా మేకలు తినవు."

"నేనొక్కణ్ణేనా అక్కా? ఈ ఊళ్ళో ఎవడైనా అంతే చేసేవాడు. బావ కూడా ఆగాడు కదా పైన. వెళ్ళి నించుంటే ఈ గొడవే లేదు."

వాడు మోపు వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ చివరి మాట మాత్రం అక్కడే ఉండిపోయింది. కాదనడానికి ఏమీ లేదు.

గురువారం పొద్దున బయల్దేరాలి, ఆ రాత్రికి హిమానీనదం పక్క రాతిగుహలో పడుకోవాలి. ఫిలోమెనా వెన్నతీసిన జున్ను ముక్క, చలికాలంలో కాల్చిన రై గింజల రొట్టె సంచిలో పెట్టింది. ఆ రొట్టె కత్తికి తెగదు, గొడ్డలితో పగలగొట్టుకోవాల్సిందే.

"మళ్ళీ ఆ దొరతోనే వెళ్తావా?"

"మెట్లు నేను కొట్టినవే. సగం ఇంకా ఉండి ఉంటాయి."

"ఆ దిక్కుమాలినవాణ్ణి పైకి తీసుకెళ్ళి నించోబెట్టి, కిందికి తీసుకొచ్చి, వాడి కోసం ఫిరంగి పేలుస్తుంటే చప్పట్లు కొట్టు."

అంబ్రోస్ పెట్టె మూత తీసి మైనపు గుడ్డ చుట్టిన పుస్తకాన్ని చొక్కా లోపల దోపుకున్నాడు. ఫిలోమెనా చూసింది.

"అదెందుకు? కొండ మీద ఎవడు చదువుతాడు?"

"ఉండనీ."

"తడిసిందంటే మనకింక ఆ మేకలే దిక్కు. తెలుసుగా?"

"తెలుసు," అన్నాడు అంబ్రోస్.

*

శుక్రవారం మళ్ళీ ఆకాశం నిర్మలంగా ఉంది. పాత మెట్లు ఎండకి కరిగి, మళ్ళీ గడ్డకట్టి, గుండ్రంగా జారుడుగా తయారయ్యాయి. వాటిని అలాగే వదిలితే ప్రాణం మీదికొస్తుంది. అంబ్రోస్ ఒక్కోదాన్నీ మళ్ళీ చెక్కాడు. అడ్డంగా రెండు, నిలువుగా రెండు, ఒక గీకుడు. దొర బ్రాందీ తాగలేదు, ఈసారి కక్కలేదు కూడా. వెనక నుంచి కబుర్లు చెప్తున్నాడు. క్లబ్బులో తాను చదవబోయే వ్యాసం గురించి, అందులో అంబ్రోస్ గురించి కూడా ఒక మంచి మాట ఉంటుందని చెప్పాడు. కాస్పర్ తల వంచుకుని, తాడు చూసుకుంటూ ఎక్కుతున్నాడు.

పది గంటలకి వెన్నుగట్టు ఎక్కారు. సీసా రాళ్ళ మధ్య ఎండకి మెరుస్తోంది. పక్కనే ఆ పచ్చ మరక గడ్డకట్టి, అలాగే ఉంది. కొండ దాన్ని మింగలేదు, కడగలేదు. అంబ్రోస్ దాన్ని తొక్కకుండా కాలు పక్కకి వేశాడు.

దొర ఆగి కోటు బొత్తాలు సరిచేసుకున్నాడు. కింద దుర్భిణి ఉందని ఆయనకి గుర్తుంది. గైడు పక్కకి తప్పుకుని టోపీ తియ్యడం కోసం ఎదురు చూశాడు.

అంబ్రోస్ గొడ్డలి తిరగేసి, కర్రని మంచులోకి గుచ్చి చూశాడు. గట్టిగానే ఉంది. ఒక అడుగు వేశాడు.

"రూపెన్," అన్నాడు దొర.

ఇంకో అడుగు. కర్ర గుచ్చి, చూసి, ఇంకొకటి. ఎడమ అంచునే, చూరుకి దూరంగా. ఇద్దరి నడుమ ముప్పై అడుగుల తాడుంది, సరిపోతుంది.

"రూపెన్, ఆగమంటున్నాను. నీకు బుద్ధుందా?"

తాడు పట్టుకు లాగితే ముగ్గురూ ఇటలీలోనే తేలతారని దొరకీ తెలుసు. లాగలేదు. అంబ్రోస్‌కి చెవుల్లో తన ఊపిరి తప్ప ఏదీ వినిపించలేదు. భయం వేసింది, మంచుచూరుని చూసి కాదు, ఊరికే వేసింది. చర్చిలో ఫాదరు గారి కుర్చీలో కూర్చున్నంత భయం. అయినా కాళ్ళు కదిలాయి. పదకొండో అడుగు దగ్గర ఎక్కడానికి ఇంకేమీ మిగల్లేదు.

పైన ప్రత్యేకంగా ఏమీ లేదు. కాస్త మంచు, కాస్త గాలి, ఎడమపక్క పైకి పొడుచుకొచ్చిన నల్లరాయి ఒకటి. దీనికోసమా మూడు వేసవులు, ఇన్ని అబద్ధాలు అనిపించింది. లోయ అడుగున సత్రం గోరంత కనిపించింది. దాని ముందు ఏదో ఒకసారి మెరిసింది, దుర్భిణి గాజై ఉండాలి. అంబ్రోస్ నిటారుగా నించున్నాడు. వాళ్ళు దుర్భిణి సరిచేసుకోవడానికి, ఒకరి తర్వాత ఒకరు చూడడానికి వ్యవధి కావాలి కదా అని, కదలకుండా నూరు లెక్కపెట్టాడు. టోపీ తియ్యలేదు.

తర్వాత మడమలు మంచులో పూడ్చి కూర్చుని, తాడు భుజం మీదుగా వేసుకున్నాడు.

"రండి దొరా. శిఖరం ఇక్కడుంది."

దొర వచ్చాడు. చూరు పక్కకి వచ్చాక చివరి నాలుగడుగులూ చేతుల మీద పాకాడు. పాకడం కూడా గాజులో కనిపించే ఉంటుంది. పైకి చేరి, గుప్పెడు మంచు పట్టుకుని కూర్చుని, రొప్పుతూ అన్నాడు.

"దిగాక నీ సంగతి చూస్తాను. నీ పుస్తకంలో ఏం రాస్తానో చూడు. ఈ లోయలో కాదు, ఏ లోయలోనూ నిన్ను ఎవరూ పిలవరు."

"పుస్తకం ఇక్కడే ఉంది దొరా."

అంబ్రోస్ చొక్కాలోంచి మూట తీశాడు. మైనపు గుడ్డ ఒకసారి విప్పి, సిరా చెదరలేదని చూసుకుని, మళ్ళీ చుట్టాడు. పధ్నాలుగేళ్ళ బతుకు అరచెయ్యంత ఉంది. నల్లరాయి పక్కకి వంగి, రాతి కింద నెర్రెలో దాన్ని తోసి, పైన మూడు రాళ్ళు పేర్చాడు. చివరి రాయి రెండుసార్లు సరిచెయ్యాల్సి వచ్చింది.

"ఏం చేస్తున్నావు?" దొరకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "అది లేకపోతే నువ్వు బతకలేవు."

"రేపు డాక్టరుగారు వస్తున్నారు కదండీ. శిఖరం పోల్చుకోలేనివాడి పుస్తకం శిఖరం మీద దొరుకుతుంది. ఆయనే చదువుకుంటారు."

దొర మొహంలో రంగు ఈసారి గడ్డం దాకా రాలేదు, మొత్తం దిగిపోయింది. రాయి రెండు బారల దూరంలో ఉంది. లేవబోయాడు. తాడు బిగిసి ఉంది.

"వదులు చెయ్యి. నేను తీసుకుంటాను."

"అటు కాలు జారుతుంది దొరా. గైడుగా చెప్తున్నాను, వద్దు."

"కాస్పర్," అని కిందికి కేక వేశాడు దొర. "నువ్వు వచ్చి అది తియ్యి. తీస్తే నువ్వడిగింది ఇస్తాను."

కాస్పర్ సీసా దగ్గర నించుని ఉన్నాడు. పైకి చూశాడు. ఆ పది అడుగులూ, వాటి మీద బావ కాలి గుర్తులూ, పక్కనే దొర పాకిన గీతా చూశాడు. తన బూటు వైపు కూడా ఒకసారి చూసుకున్నాడు.

"నాకేం కనపడట్లేదండీ," అన్నాడు ఆ నీలాకాశం కింద. "పొగమంచు పట్టింది."

అంబ్రోస్‌కి నవ్వు రాలేదు. వాణ్ణి క్షమించనూ లేదు. కానీ నోట్లో మూడు రోజులుగా ఉన్న చేదు ఇప్పుడెక్కడుందా అని నాలుకతో వెతుక్కున్నాడు. కొంచెం ఉంది. రొట్టె ముక్క ఒకటి గొడ్డలితో పగలగొట్టుకుని, నమిలి, మింగాడు.

"ఇంక దిగుదాం. ఎండెక్కితే మెట్లు పాడైపోతాయి," అన్నాడు లేస్తూ.

దొర ఇంకోసారి ఆ రాళ్ళ వైపు చూశాడు. అంబ్రోస్ తాడు పట్టుకుని ఆయన లేచేదాకా ఆగాడు. కాస్పర్ అందరికంటే కిందున్నాడు కనక ముందు వాడు, నడుమ దొర, ఆఖర్న అంబ్రోస్. దిగేటప్పుడు తాడుకి పై కొసన గట్టి గైడు ఉండాలి, అతన్ని దాటి ఎవరూ మళ్ళీ పైకి ఎక్కడానికి వీల్లేదు. అదీ తండ్రి నేర్పిన మర్యాదే. అంబ్రోస్ దాన్ని ఊరు చేరేదాకా తు.చ. తప్పకుండా పాటించాడు.